"మా పాపకి ఇంకా అక్షరాలు రాలేదు": 3 నుంచి 6 ఏళ్ళ పిల్లలకు ఇంటి దగ్గర చదువు

(పల్నాడు జిల్లా తల్లిదండ్రులు, నాయనమ్మలు, అమ్మమ్మలు, తాతయ్యల కోసం. చదవడం రానివారికి ఇంట్లో ఎవరైనా చదివి వినిపించండి.)

అంగన్‌వాడీ గుమ్మం దగ్గర చాలామంది తల్లులు అడిగే మాట ఇది. "ఏంది టీచరమ్మా, రోజూ ఆటలూ పాటలేనా? అక్షరాలు ఎప్పుడు చెప్తారు? మా పక్కింటి పిల్లోడు ఎల్‌కేజీలో ఏబీసీడీలు రాస్తన్నాడు." ఆ మాటలో తప్పు లేదు. బిడ్డ వెనకబడిపోతుందేమోనన్న భయం అది. ఆ భయంతోనే కొందరు మిరప డబ్బులు చేతికి రాకముందే అప్పు చేసి ఫీజులు కడుతున్నారు. మూడేళ్ళ పిల్ల చేత పలక నిండా "అ" దిద్దిస్తున్నారు. ఆ పిల్ల ఏడుస్తుంది, అమ్మ కొడుతుంది, పలక అంటేనే పిల్లకి భయం పట్టుకుంటుంది.

ఈ కాగితంలో రెండు సంగతులున్నాయి. ప్రభుత్వం అంగన్‌వాడీలో ఈ వయసు పిల్లలకు ఏమిస్తోంది? ఇంటి దగ్గర మీరు ఏం చేయొచ్చు? రెండోదానికి మీకు చదువు రావాల్సిన పని లేదు. నోటి మాట ఉంటే చాలు.

అంగన్‌వాడీలో చదువు కూడా హక్కే

అంగన్‌వాడీ అంటే గుడ్డు, పాలు, అన్నం అనే మనకు గుర్తు. 1975 అక్టోబర్ 2న దేశంలో సమగ్ర శిశు అభివృద్ధి పథకం (ఐసీడీఎస్) మొదలైనప్పుడే ఆరు సేవలు పెట్టారు: పోషకాహారం, బడికి ముందు చదువు, తల్లులకు ఆరోగ్య పోషణ బోధన, టీకాలు, ఆరోగ్య పరీక్షలు, అవసరమైతే పెద్దాసుపత్రికి పంపడం. అంటే చదువు మొదటి రోజు నుంచీ ఉంది. మనం అడగడమే తక్కువ.

2023 మే 10న కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ "పోషణ్ భీ పఢాయీ భీ" మొదలుపెట్టింది. పోషణతో పాటు చదువు కూడా అని దాని అర్థం. దీని ప్రకారం కేంద్రంలో రోజూ కనీసం 2 గంటలు పిల్లలకు చదువు ఆటలు జరగాలి. 3 నుంచి 6 ఏళ్ళ వారికి "ఆధారశిల" అనే పాఠ ప్రణాళిక ఉంది. ఏడాదిలో 48 వారాలకు దాన్ని తయారు చేశారు: మొదటి 4 వారాలు పిల్లలు అలవాటు పడడానికి, 36 వారాలు నేర్చుకోవడానికి, మిగతా 8 వారాలు నేర్చుకున్నది మళ్ళీ చేసి గట్టిపరచుకోవడానికి. మూడేళ్ళలోపు బిడ్డల తల్లుల కోసం "నవచేతన" ఉంది. అందులో పుట్టిన దగ్గర నుంచి 36 నెలల దాకా వయసుల వారీగా ఇంట్లో చేయించే 140 పనులున్నాయి.

ఇంత చిన్న వయసు మీద ఎందుకింత పట్టుదల? మెదడు ఎదుగుదలలో 85 శాతానికి పైగా ఆరేళ్ళలోపే జరుగుతుందని 2020 జాతీయ విద్యా విధానం రాసుకుంది. అందుకే ఆ విధానం 3 నుంచి 8 ఏళ్ళ దాకా ఒకే పునాది దశగా పెట్టి, అంగన్‌వాడీని కూడా అందులో చేర్చింది.

ఇక టీచరమ్మ చేతిలో పిల్ల ఉండేది కొన్ని గంటలే. మిగతా రోజంతా మీ దగ్గరే.

మొదటి పాఠం: మాట

పిల్లతో పని చెప్పడం వేరు, మాట్లాడడం వేరు. "గిన్నె తే", "అటు పో", "ఊరుకో". పొద్దుటి నుంచి రాత్రి దాకా మనం పిల్లతో అన్న మాటలు లెక్కేస్తే చాలావరకు ఇవే ఉంటాయి. పొలం పని చేసి అలిసిపోయిన మనిషికి అంతకంటే ఓపిక ఉండదు, నిజమే. అందుకే కొత్త పనేమీ పెట్టుకోవద్దు. ఉన్న మాటనే కొంచెం సాగదీయండి.

"నానా, పొయ్యి పక్కన చిన్న గిన్నె ఉంది చూడు. పెద్దది కాదు, మూత ఉన్నది. అది తే."

ఈ ఒక్క మాటలో చిన్న, పెద్ద, పక్కన, ఉన్నది, కాదు అన్నీ వచ్చాయి. పిల్ల నాలుగు గిన్నెలు చూసి, పోల్చి, ఒకటి ఎంచుకోవాలి. తప్పు గిన్నె తెచ్చిందనుకోండి, తిట్టొద్దు. "ఇది పెద్దది కదా, దీనికంటే చిన్నది చూడు" అనండి. అదే పాఠం.

రెండో అలవాటు, అవును కాదుతో తేలిపోని ప్రశ్న వేయడం. "అన్నం తిన్నావా?" అంటే "ఊ" అంటుంది, అక్కడితో అయిపోయింది. "ఇయ్యాల అంగన్‌వాడీలో గుడ్డు ఎవరు ముందు తిన్నారు? ఎట్టా ఒలిచావు?" అంటే కథ మొదలవుతుంది. అడిగాక కాసేపు ఆగండి. చిన్నపిల్లలకు మాట వెతుక్కోవడానికి టైం పడుతుంది. మనమే తొందరపడి జవాబు చెప్పేస్తాం.

చప్పట్ల ఆట

చదవడం రావాలంటే ముందు మాటలో ముక్కలు చెవికి వినపడాలి. మన తెలుగులో అక్షరానికో ముక్క. ఊరి పేర్లతో చప్పట్లు కొట్టించండి. దుర్గికి రెండు చప్పట్లు. మా-చ-ర్ల, మూడు. గు-ర-జా-ల, నాలుగు. వి-ను-కొం-డ, అదీ నాలుగే. పి-డు-గు-రా-ళ్ళ, ఐదు. న-ర-స-రా-వు-పే-ట, ఏడు! చిలకలూరిపేట ఎన్నో మీరే కొట్టి చూడండి, ఏది గెలుస్తుందో తెలుస్తుంది. మాచర్ల రైల్లోనో నరసరావుపేట బస్సులోనో వెళ్ళేటప్పుడు ఇది ఆడితే దారి తెలియదు, పక్క సీటు వాళ్ళు కూడా కలుస్తారు.

ఇది వచ్చాక మొదటి శబ్దం ఆట. "ప తో ఏమేం మొదలవుతాయి?" పత్తి, పలక, పప్పు, పల్నాడు. "మ తో?" మజ్జిగ, మల్లె, మంచం. ఇక్కడ పలకా బలపం ఏవీ లేవు. కానీ రేపు టీచరమ్మ గోడ మీద "మ" చూపించినప్పుడు మీ పిల్లకు అది పరాయి గుర్తు కాదు, మజ్జిగలో విన్న శబ్దమే.

లెక్క: వంద దాకా చెప్పడం లెక్క కాదు

బంధువులు వస్తే "ఒకటి రెండ్లు చెప్పమ్మా" అని నిలబెడతాం. పిల్ల గడగడా 50 దాకా చెప్తుంది. బాగానే ఉంటుంది. అదే పిల్లను "ఐదు చింతపిక్కలు నా చేతిలో పెట్టు" అనండి. చాలామంది గుప్పెడు పోసేస్తారు. అంకెల పేర్లు వచ్చాయి, లెక్క ఇంకా రాలేదు.

దీనికి మంచి మందు అన్నం కంచాలు. "మనం ఇంట్లో ఎంతమందిమి? నాయనమ్మ, నాన్న, అన్న, నువ్వు, నేను. మనిషికో కంచం పెట్టు." పిల్ల ఒక్కొక్కరి ముందు ఒక్కొక్కటి పెడుతుంది. ఒకటి తగ్గితే తనే వెతుక్కుంటుంది. "ఇయ్యాల అత్త వచ్చింది, ఇంకెన్ని కావాలి?" కూడిక అంటే అదే.

వామనగుంటలు ఇంకా మంచి బడి. గుంటకో పిక్క వేసుకుంటూ పోవాలి, ఎక్కడా దాటకూడదు, రెండు పడకూడదు. మన నాయనమ్మలు పేరు పెట్టకుండా నేర్పించిన లెక్కల క్లాసు అది. చింతపిక్కలు, గచ్చకాయలు, రంగు గుండీలు ఏవైనా సరే. ఒక్క జాగ్రత్త: మూడేళ్ళలోపు బిడ్డ ఇంట్లో ఉంటే పిక్కలు, శనగలు, వేరుశనగ గింజలు అందకుండా ఉంచండి. గొంతులో పడితే ప్రాణం మీదికొస్తుంది. పెద్ద పిల్లలు ఆడేటప్పుడు కూడా పక్కన ఒక పెద్దమనిషి ఉండాలి.

వేరు చేయడం కూడా లెక్కే. కందులూ పెసలూ కలిపి రెండు గిన్నెల్లో వేరు చేయించండి. మిరప కల్లంలో తాలు కాయలు ఏరడం పిల్లలకు అచ్చం ఇలాంటి పనిలాగే కనపడుతుంది, చేస్తామని వస్తారు కూడా. అది మాత్రం వద్దు. ఆ చేతులు కళ్ళలో పెట్టుకుంటారు. ఆ ఘాటుకు పెద్దవాళ్ళమే తట్టుకోలేం.

కథ నాయనమ్మది, ప్రశ్న అమ్మది

కథ చెప్పేవాళ్ళు ఇంట్లో ఉంటే సగం చదువు వచ్చినట్టే. నాగమ్మ, బ్రహ్మనాయుడు, కోడిపందెం మన ఊళ్ళ కథలే. కారంపూడి వైపు పిల్లలు వీరుల ఉత్సవం కళ్ళారా చూస్తారు. అన్నీ చెప్పనక్కర్లేదు, కోడి ఓడిన దాకా చెప్పి ఆపండి. "తర్వాత ఏం జరిగిందంటావు?" అని అడగండి. మర్నాడు ఆ కథ పిల్ల చేత చెప్పించుకోండి. వరస తప్పినా, కోడి బదులు నెమలి వచ్చినా సరిచేయొద్దు. మొదలు, మధ్య, చివర ఉందా లేదా అన్నదే చూడండి.

ఇంట్లో తెలుగు కాకపోతే

మాచర్ల, వెల్దుర్తి, బొల్లాపల్లి వైపు తండాల్లో లంబాడీ మాట్లాడే ఇళ్ళున్నాయి. పట్నాల్లో ఉర్దూ మాట్లాడే ఇళ్ళున్నాయి. "ఇంట్లో మన భాష మానేసి తెలుగులోనే మాట్లాడండి, లేకపోతే బడిలో కష్టం" అని ఎవరైనా చెప్తే వినొద్దు. మీకు బాగా వచ్చిన భాషలోనే పిల్లతో ఎక్కువ మాట్లాడగలరు, కథ చెప్పగలరు. ఒక భాషలో "ఎందుకు" అని అడగడం వచ్చిన పిల్ల రెండో భాషలో కూడా అడుగుతుంది. జాతీయ విద్యా విధానం కూడా చిన్న తరగతుల్లో ఇంటి భాషకే పెద్దపీట వేసింది. మీరు చేయాల్సిన సాయం ఒకటుంది. మొదటి వారాల్లో టీచరమ్మకు నీళ్ళు, ఆకలి, ఒంటేలు, అమ్మ, నొప్పి లాంటి పది మాటలు మీ భాషలో ఎలా అంటారో చెప్పండి. పిల్ల ఏడుపు సగం తగ్గుతుంది.

పలక ఎప్పుడు?

అక్షరాభ్యాసం చేశాం కదా అని మర్నాటి నుంచి 56 అక్షరాలు దిద్దించాలని లేదు. ముందు వేళ్ళకు బలం రావాలి. చపాతీ పిండి పిసకనివ్వండి, బఠాణీలు ఒలవనివ్వండి, చొక్కా గుండీ తనే పెట్టుకోనివ్వండి. వాకిట్లో ముగ్గు వేసేటప్పుడు పక్కన నాలుగు చుక్కలు పెట్టి కలపమనండి. చుక్క నుంచి చుక్కకు గీత, వంపు, మెలిక. తెలుగు అక్షరాలన్నీ ఆ వంపులే కదా. నాలుగైదేళ్ళకు పిల్ల తనంతట తానే "నా పేరు రాసియ్యి" అంటుంది. అప్పుడు ముందు తన పేరే రాసి చూపించండి.

కోతల సీజన్లో

దసరా నుంచి పత్తి తీతలు, సంక్రాంతి దాటాక మిరప కోతలు. ఈ నెలల్లోనే అంగన్‌వాడీకి పిల్లలు తగ్గిపోతారు. ఒక పిల్లను పొలానికి తీసుకెళ్తారు, ఇంకో పిల్లను చంటిదాని దగ్గర కాపలా పెడతారు. కూలి పోతే పూట గడవదు, ఆ సంగతి తెలుసు. అయినా వీలైనన్ని రోజులు పిల్లను కేంద్రానికి పంపండి. పొద్దున్నే పనికి వెళ్ళేవాళ్ళు నలుగురు కలిసి, ఇంటి దగ్గరుండే ఒక పెద్దావిడకు పిల్లల్ని కేంద్రంలో దింపే పని అప్పగించుకోవచ్చు.

వేరే ఊరికి పనికి వెళ్తే, లేదా కర్నూలు వైపు నుంచి మన ఊరికి కోతలకు వస్తే, ఉన్న ఊళ్ళోనే కేంద్రానికి వెళ్ళండి. పోషణ్ ట్రాకర్ యాప్‌లో పేరును ఒక కేంద్రం నుంచి ఇంకో కేంద్రానికి మార్చే వీలుంది. బయలుదేరే ముందు మీ టీచరమ్మకు ఒక మాట చెప్పండి.

ఎప్పుడు ఆలస్యం చేయకూడదు

ప్రతి పిల్లా ఒకే వయసుకు మాట్లాడదు. కానీ పేరు పెట్టి పిలిస్తే తిరగకపోతే, రెండేళ్ళు దాటినా "అమ్మ రా" లాంటి రెండు మాటలు కలపకపోతే, వచ్చిన మాటలు పోతే, కళ్ళు కలిపి చూడకపోతే, "వాళ్ళ నాన్న కూడా ఆలస్యంగానే మాట్లాడాడులే" అని ఊరుకోవద్దు. చెవి వినపడక కూడా మాట రాకపోవచ్చు. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం (ఆర్‌బీఎస్‌కే) కింద డాక్టర్ల బృందం అంగన్‌వాడీ పిల్లల్ని ఏడాదికి రెండుసార్లు చూడాలి. ఆ రోజు ఎప్పుడో అడిగి తెలుసుకుని పిల్లను తప్పక తీసుకురండి. అప్పటిదాకా ఆగలేకపోతే ఏఎన్ఎంకో ఆశాకో చెప్పండి. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం మండలాల్లో భవిత కేంద్రాలున్నాయి.

ఫోన్ సంగతి. ఈ కాగితం మీకు ఫోన్లోనే వచ్చింది కాబట్టి ఫోన్ వద్దని చెప్పే మొహం మాకు లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పినదాని ప్రకారం రెండేళ్ళలోపు పిల్లలకు వీడియోలు చూపించకపోవడమే మంచిది. 2 నుంచి 4 ఏళ్ళ వారికి రోజుకు గంట మించకూడదు, తగ్గితే ఇంకా మంచిది. అన్నం తినేటప్పుడు ఫోన్ పక్కన పెట్టండి. మాటలు నడిచే టైం అదే.

తరచూ అడిగేవి

అంగన్‌వాడీకి ఫీజు ఉందా? లేదు. ఆటవస్తువులకు, పుస్తకాలకు ఎవరికీ డబ్బులు ఇవ్వక్కర్లేదు.

పాపకి ఆధార్ లేదు, చేర్చుకుంటారా? చేర్చుకుంటారు. పిల్లకు ఆధార్ తప్పనిసరి కాదు, తల్లి ఆధార్‌తో నమోదు చేస్తారు.

అంగన్‌వాడీకి పంపితే తల్లికి వందనం వస్తుందా? ఆ పథకం 1వ తరగతి నుంచి ఇంటర్ దాకా. అంగన్‌వాడీకి రాదు, ప్రైవేటు ఎల్‌కేజీ, యూకేజీలకూ రాదు. ఆ డబ్బు కోసమని ఎల్‌కేజీలో వేయాల్సిన పని లేదు.

మా కేంద్రంలో అన్నం పెట్టి పంపేస్తున్నారు, చదువు లేదు. ఏం చేయాలి? ముందు టీచరమ్మనే మర్యాదగా అడగండి. ఆమెకు రిజిస్టర్లు, యాప్‌లు, సర్వేలు కూడా ఉంటాయి, ఒక్కోసారి మీరు అరగంట కూర్చుంటేనే ఆట మొదలవుతుంది. అయినా మారకపోతే సెక్టార్ సూపర్‌వైజర్‌కు, తర్వాత సీడీపీవోకు చెప్పండి.

ఈసారి పిల్లను తీసుకురావడానికి వెళ్ళినప్పుడు "ఈ వారం ఏం పాట నేర్పిస్తున్నారు, ఏం ఆట ఆడిస్తున్నారు?" అని టీచరమ్మను అడగండి. ఇంటికొచ్చాక ఆ పాట మీకు నేర్పించమని పిల్లనే అడగండి.