ఒకే ప్రశ్న రెండుసార్లు ఎందుకు అడుగుతారు?

"మొన్ననే అడిగారు కదా సిస్టర్, మళ్ళీ అదే ప్రశ్నా?" అని రోగుల బంధువులు విసుక్కోవడం సహజమే. చేతుల శుభ్రత గురించి పాఠం చెప్పడానికి ముందు ఒకసారి, చెప్పిన కొద్దిరోజులకు మరోసారి ఇలా అడుగుతారు: "ఈరోజు రోగికి అన్నం పెట్టేముందు సబ్బుతో చేతులు కడుక్కున్నారా?"

రోగికి తినిపించేదీ, ఒళ్ళు తుడిచేదీ చాలావరకు మీరే. మురికి చేతులవల్ల విరేచనాలు పట్టుకోవచ్చు, ఆపరేషన్ గాయం చీము పట్టవచ్చు. మా పాఠం పనిచేయకపోతే ఆ సంగతి మాకు తెలియాలి, పాఠం మార్చుకోవాలి.

ఉదాహరణకు 40 మందిని అడిగామనుకుందాం. పాఠానికి ముందు 14 మంది, తర్వాత 23 మంది "కడుక్కున్నాం" అన్నారు. తొమ్మిదిమంది పెరిగారని అప్పుడే సంతోషపడకూడదు. ఎవరి మొదటి కాగితానికి వారి రెండో కాగితాన్నే జతచేసి చూడాలి. అలా చూస్తే 11 మంది రెండుసార్లూ కడుక్కున్నవారే, 14 మంది రెండుసార్లూ కడుక్కోనివారే. వీరిలో మార్పు లేదు కనుక పక్కన పెడతాం. మిగిలినవారు 15 మంది. వారిలో 12 మంది కొత్తగా కడుక్కోవడం మొదలుపెట్టారు, ముగ్గురు మానేశారు. (ఆ ముగ్గురినీ విడిగా అడగాలి. కుళాయి దగ్గర సబ్బు అయిపోయిందేమో!)

పాఠం వల్ల ఏమీ జరగకపోతే ఈ 15 మంది అటూ ఇటూ దాదాపు సమానంగా ఉండాలి, నాణెం ఎగరేసినట్లు. 15 సార్లు నాణెం వేస్తే ఏదో ఒక వైపు 12 లేక అంతకంటే ఎక్కువసార్లు పడడం నూటికి మూడు నాలుగు సార్లే జరుగుతుంది. కాబట్టి ఇది కేవలం యాదృచ్ఛికం కాదనుకోవచ్చు. ఇలా మారినవారిని మాత్రమే పోల్చే పద్ధతిని 1947లో క్విన్ మెక్‌నెమార్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త ప్రతిపాదించారు.

అయినా మార్పంతా పాఠం వల్లే వచ్చిందనలేము. అదే వారంలో వార్డులో కొత్త కుళాయి పెట్టి ఉండవచ్చు. అందుకే వీలైతే పాఠం చెప్పని మరో వార్డులో కూడా రెండుసార్లు అడిగి పోలుస్తారు. సిస్టర్ నొచ్చుకుంటుందని "కడుక్కున్నాను" అనేసేవారూ ఉంటారు. లెక్కను ఎక్కువగా పాడుచేసేది ఈ మొహమాటమే. కడుక్కోకపోతే లేదనే చెప్పండి, ఎవరూ కోప్పడరు.

కాగితం మీద మీ పేరు అవసరం లేదు. మొదటిసారి ఇచ్చిన నంబరు చీటీని మాత్రం దాచి ఉంచి, రెండోసారి చూపించండి. అది పోతే మీ రెండు జవాబులకూ జత కుదరదు.