జిప్ ఫైలు తెరుచుకోవడం లేదా? ఇలా చేయండి

పథకం దరఖాస్తు ఫారాలన్నీ కలిపి ఒక్కోసారి జిప్ ఫైలుగా ఇస్తారు. ఇంట్లో కంప్యూటర్‌లో దాన్ని తెరిస్తే ‘ఫైలు పాడైంది’ అని వచ్చిందా? కంగారు పడకండి. చాలాసార్లు డౌన్‌లోడ్ మధ్యలో ఆగిపోవడమే కారణం.

1. సైజు చూడండి: ఫైలు మీద రైట్ క్లిక్ చేసి ‘ప్రాపర్టీస్’ నొక్కండి. వెబ్‌సైట్‌లో 12 ఎంబీ అని ఉండి, మీ దగ్గర 7 ఎంబీయే ఉంటే ఫైలు పూర్తిగా రాలేదన్నమాట.

2. మళ్లీ డౌన్‌లోడ్ చేయండి: పాత ఫైలు తీసేయండి. కొత్తది పూర్తయ్యేదాకా నెట్ ఆపకండి.

3. ముందు బయటికి తీయండి: రైట్ క్లిక్ చేసి ‘ఎక్స్‌ట్రాక్ట్ ఆల్’ నొక్కండి. జిప్ లోపలే ఫారం తెరిచి నింపితే, మీరు రాసింది సేవ్ కాకుండా పోవచ్చు.

4. పాస్‌వర్డ్ సరిచూడండి: పెద్ద, చిన్న అక్షరాలు తేడా వచ్చినా ఎర్రర్ చూపిస్తుంది.

5. పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకున్నారా? ముందు కంప్యూటర్‌లోకి కాపీ చేసి, ఆ తర్వాతే తెరవండి.

6. అప్పటికీ రాకపోతే: సెవెన్‌జిప్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ‘టెస్ట్’ నొక్కితే ఏ ఫైలు పాడైందో తెలుస్తుంది. మిగతావి బయటికి తీసుకోవచ్చు.

జాగ్రత్త: ‘ఫైలు బాగు చేస్తాం’ అంటూ ఎవరైనా ఫోన్ చేసి డబ్బులు, ఓటీపీ అడిగితే ఇవ్వొద్దు. ఆధార్, బ్యాంకు పాస్‌బుక్ కాపీలు ఉన్న ఫైలును తెలియని రిపేర్ వెబ్‌సైట్లలో పెట్టొద్దు.

గడువు దగ్గర పడిందా? ఫైలుతో కుస్తీ పడుతూ కూర్చోకండి. ఆధార్ కార్డు పట్టుకుని దగ్గరలోని సచివాలయానికో, మీ సేవ కేంద్రానికో వెళ్లి ఫారం అడగండి. ఫైలు మళ్లీ దొరుకుతుంది, గడువు తేదీ దాటితే కష్టం.