గేటు దగ్గర మొదలుపెట్టు

ఖరగ్‌పూర్

బుజ్జీ,

లండన్‌లోని లాంబెత్ ప్యాలెస్ మీద నువ్వు రాసిన వ్యాసం చదివాను. భవనం ఎంత పెద్దదో బాగానే వర్ణించావు గానీ, మనుషులు కనబడలేదమ్మా. మళ్లీ రాయి. ఈసారి గేటు దగ్గర మొదలుపెట్టు.

సుమారు 800 ఏళ్లుగా కాంటర్‌బరీ ఆర్చిబిషప్పులు ఉంటున్న ఇల్లది. థేమ్స్ నదికి ఆవలి ఒడ్డున వెస్ట్‌మినిస్టర్, అంటే అప్పట్లో రాజుగారి కొలువు. చర్చి పెద్దకు అంత దగ్గరలో ఇల్లు ఎందుకు కావలసొచ్చిందో ఆలోచించు. 1381లో తలపన్ను భరించలేక రైతులు తిరగబడి ఈ భవనం మీద పడ్డారు. అప్పటి ఆర్చిబిషప్పు సడ్బరీ రాజుకు ఛాన్సలర్ కూడా. పన్ను పాపం ఆయన మీదే వేసి, టవర్ హిల్ దగ్గర తల నరికారు. తర్వాత, 1490ల్లో ఆర్చిబిషప్పు మోర్టన్ కట్టించిన ఎర్ర ఇటుకల ద్వారం దగ్గర చాలాకాలం పేదలకు రొట్టెలు పంచారు. కోపంతో వచ్చినవాళ్లూ, ఆకలితో వచ్చినవాళ్లూ ఆ ఇంటి గుమ్మానికే వచ్చారు. నీ వ్యాసానికి అసలు సరుకు అదే.

దాని పక్కన మన డోర్నకల్‌ను పెట్టి చూడు. 1912 డిసెంబరు 29న కలకత్తా సెయింట్ పాల్స్ కెథడ్రల్‌లో వి.ఎస్. అజరయ్య గారు బిషప్పుగా అభిషేకం పొందారు. ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్పు ఆయనే. పుట్టుకతో తిరునెల్వేలి తమిళులు, పనిచేసింది నిజాం రాజ్యంలోని తెలుగు పల్లెల్లో. డోర్నకల్ వచ్చిన కొత్తలో గుడారంలో ఉన్నారు. ఎడ్లబండి మీద ఊరూరా తిరిగారు. ఆయన కట్టించిన గొప్ప కట్టడం తన ఇల్లు కాదు, 1939లో ప్రతిష్ఠించిన కెథడ్రల్. అందులో గుడి మండపంలా రాతి స్తంభాలు, మసీదు మీదలా గుమ్మటాలు. ఈ దేశపు చర్చి ఈ దేశపు రూపంలోనే ఉండాలన్నది ఆయన పట్టుదల. నాకు ఆ ఆలోచన లాంబెత్ గోడలకన్నా ఎత్తుగా కనిపిస్తుంది.

బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే (బీఎన్నార్) రోజుల్లో పనికొచ్చి స్థిరపడ్డ మన తెలుగువాళ్ల ఊరు కదా ఈ ఖరగ్‌పూర్, ఇక్కణ్నుంచి కలకత్తా వైపూ డోర్నకల్ వైపూ రైలుంది. పూజా సెలవులకు రా, లోకల్లో హౌరా వెళ్లి సెయింట్ పాల్స్ చూసొద్దాం. వేసవిలో విజయవాడ వెళ్లినప్పుడు కాజీపేట బండెక్కి డోర్నకల్ జంక్షన్‌లో దిగు. స్తంభాల బొమ్మలు నీ చేత్తో గీసుకో. అక్కడి పెద్దల్ని పలకరించి, ఆ బిషప్పు గురించి ఇంట్లో ఏం చెప్పుకునేవారో అడిగి రాసుకో. రెండో ప్రతి నాకు పంపు.

మీ తాతయ్య