ఎక్స్‌రేలో కనపడని దెబ్బ

కబడ్డీ ఆడుతూనో, కానిస్టేబుల్ పరుగుకు ప్రాక్టీసు చేస్తూనో పడిపోతే మోకాలు వాస్తుంది. ఎక్స్‌రే తీయిస్తే "ఎముక విరగలేదు, ఏమీ లేదు" అంటారు. వారం దాటినా కుంటుతుంటే "స్టడీ అవర్ ఎగ్గొట్టడానికి నాటకం" అని తోటివాళ్లు నవ్వుతారు. హాస్టల్ రోజుల్లో మేము ఇలాంటివి చాలా చూశాం. అయితే నాటకం కాని నొప్పి ఒకటుంది. అదే ఎముక కమిలిపోవడం. డాక్టర్లు 'బోన్ బ్రూజ్' అంటారు.

ఎముక పైన గట్టి పెంకులా ఉన్నా లోపల స్పాంజిలా సన్నటి గళ్లుంటాయి. వాటి నిండా మజ్జ, రక్తనాళాలు. గట్టి దెబ్బ తగిలితే పైపెంకు చెదరకుండానే లోపలి గళ్లు చిట్లి రక్తం, నీరు చేరతాయి. జామపండు కింద పడితే తొక్క పగలకుండా లోపల కమిలినట్లన్నమాట. ఎక్స్‌రేకు ఇది చిక్కదు, ఎం.ఆర్.ఐ.లో కనిపిస్తుంది. బయట తీయిస్తే అది వేల రూపాయల పని. అందరికీ అవసరం లేదు. లిగమెంటు తెగిందన్న అనుమానం ఉంటే డాక్టరే రాస్తారు.

మొదటి రెండు మూడు రోజులు ఐసుముక్కలు గుడ్డలో చుట్టి, 15-20 నిమిషాల చొప్పున రోజుకు మూడు నాలుగుసార్లు పెట్టాలి. కాలు దిండు మీద ఎత్తి ఉంచాలి. కాపడం, గట్టి మర్దన అప్పుడు వద్దు. మన పెద్దలకు పుత్తూరు కట్టు మీద గురి ఎక్కువ. కాదనం గాని, విరగని మోకాలిని వారాల తరబడి బిగించి కడితే కీలు బిగుసుకుపోతుంది.

విశ్రాంతి అంటే మంచానికి అతుక్కుపోవడం కాదు, మోకాలి మీద బరువు తగ్గించడం. హాస్టల్లో అదే కష్టం. కింద కూర్చుని తినాలి, నీళ్ల బకెట్లు మోయాలి, మేడ మెట్లెక్కాలి. భోజనానికి ఒక కుర్చీ, కింది అంతస్తులో ఒక మంచం ఇమ్మని వార్డెన్ గారిని అడగండి. బకెట్ ఫ్రెండు మోస్తాడు.

తొడ ముందరి కండరం వాడకపోతే ఒకటి రెండు వారాల్లోనే సన్నబడుతుంది. మోకాలిని కాపాడేది అదే కాబట్టి నొప్పి కాస్త తగ్గగానే పని చెప్పాలి. కాలు చాపి, మోకాలి కింద మడిచిన తువ్వాలు పెట్టి, దాన్ని కిందికి నొక్కుతూ తొడ బిగించి 5 లెక్కపెట్టి వదలండి. ఇలా 10 సార్లు. తర్వాత వెల్లకిలా పడుకుని మంచి కాలు మడిచి, దెబ్బకాలు చాపి అడుగెత్తు లేపడం. ఆపైన మడమను మెల్లగా వెనక్కి జరుపుతూ మోకాలు మడవడం. సైకిలు, గోడకానుకుని సగం గుంజీలు ఇంకా తర్వాత. వీటిని ఒక్కసారైనా ఫిజియోథెరపిస్టు దగ్గర చూసి నేర్చుకోవాలి. పెద్ద ప్రభుత్వాసుపత్రుల్లో ఉంటారు. మర్నాడు పొద్దున వాపు పెరిగితే ముందురోజు ఎక్కువ చేశారన్నమాటే, తగ్గించండి.

చాలామందికి 6 నుంచి 12 వారాలు పడుతుంది, కొందరికి ఇంకా ఎక్కువ. 1600 మీటర్ల పరుగు దగ్గరపడిందని నొప్పి బిళ్ల వేసుకుని పరుగెత్తితే నొప్పి తెలియదు, గాయం మాత్రం ముదురుతుంది.

ఇంట్లో చెబితే కూలి మానుకుని వస్తారని దెబ్బను దాచే తమ్ముళ్లున్నారు. ఇంట్లో అందరికంటే ముందు డిగ్రీ చదివిన మాకు ఆ బాధ తెలుసు. కానీ నాలుగడుగులు వేయలేకపోయినా, మోకాలు 90 డిగ్రీలు మడవలేకపోయినా, కీలు మధ్యలో పట్టేసినా, జ్వరంతో వాపు వచ్చినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. ఇంటికి ఫోను తర్వాత చేయవచ్చు, వార్డెన్ గారికి మాత్రం అప్పుడే చెప్పండి.