మేత మానిన ఆవు

సంకరజాతి ఆవు దాణా ముట్టక, నెమరు వేయక, చెవులు వాల్చి నిలబడితే దిష్టి తగిలిందని రెండు రోజులు గడిపేసేవారు ఉన్నారు. పలమనేరు, పుంగనూరు వైపు సంఘాల తనిఖీలో మేము పాల పుస్తకాలు చూస్తుంటాము. ఆవు పడిపోకముందే పుస్తకంలో పాలు పడిపోయి ఉంటాయి.

పాలు తగ్గిన పూటే ఆసనంలో థర్మామీటరు పెట్టి చూడండి. 101 నుండి 102 డిగ్రీలు మామూలు. 104 దాటి, జబ్బ ముందు గడ్డ చేతికి తగిలి, ఒంటిపై పిడుదులు ఉంటే థైలేరియా జ్వరమని అనుమానించాలి. నాటు పశువులు దీన్ని కొంత తట్టుకుంటాయి. జెర్సీ, హోల్‌స్టీన్ సంకరాలకు ఆ ఓపిక లేదు. వెంటనే పశువైద్యునికి చూపించి రక్త పరీక్ష చేయించండి. బూపార్వాక్వోన్ సూది తొలి దశలో బాగా పనిచేస్తుంది. రక్తం తగ్గి చిగుళ్ళు పాలిపోయాక నమ్మకం తక్కువ.

డాక్టరు వచ్చేలోగా నీడ, చల్లని నీళ్ళు, పచ్చిమేత చాలు. గొట్టంతో కషాయాలు బలవంతంగా పోయకండి. ఊపిరితిత్తుల్లోకి పోతే మరో జబ్బు. సూది వేసిన ఆవు పాలను డాక్టరు చెప్పిన గడువు తీరేవరకు సంఘంలో పోయరాదు.

పిడుదులు కొట్టం గోడల నెర్రెల్లో గుడ్లు పెడతాయి. నెర్రెలు పూడ్చి, మందు గోడలకూ కొట్టాలి, ఆవుకు మాత్రమే కాదు.