చల్లని గాలి యేల రాదు?

మన కాకినాడలో వేసవి రెండు విధముల బాధించును. పడమటి పొడిగాలి బలముగా వీచు దినములలో సముద్రపు గాలి యాలస్యముగా వచ్చును. అప్పుడు ఎండ నిప్పులు చెరుగును. సముద్రపు గాలి వచ్చిన పిమ్మట వేడి కొంత తగ్గును గాని, తేమచే చెమట యారదు. 2015 మే నెలలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములలో వడగాడ్పులకు వేయిమందికి పైగా మరణించిరి. కావున వృద్ధులును పసిబిడ్డలును గల యింట ఏసీ యంత్రమును కేవలము విలాసవస్తువని యనరాదు. అది చల్లబరచనప్పుడు కారణము నెట్లు కనుగొనవలెనో విచారింతము.

మే మెరిగిన యొక యింట, మంచము పట్టిన అవ్వ పరుండు గదిలో ఏసీ చల్లదన మీయకుండెను. మెకానిక్కు వచ్చి, గ్యాసు తగ్గినదని చెప్పి నింపిపోయెను. కొన్ని దినములు బాగుగనే యుండి, మరల మొదటి స్థితియే వచ్చెను. రెండవమారు నింపించుటకు బిడ్డ బడిజీతమునకై దాచిన సొమ్ము తీయవలసి వచ్చెను. అప్పటికిని ఫలము లేదు. తుదకు ఆ యింటి బాలిక ముందరి మూత యెత్తి చూడగా, ఫిల్టరు జాలి దుమ్ముతోను దూదినూగుతోను కంబళివలె కప్పబడి యుండెను. దానిని కడిగి, ఆరబెట్టి, మరల అమర్చిన పిమ్మట ఆ రాత్రి అవ్వ సుఖముగా నిద్రించెను.

దీనికి కారణ మేమి? ఏసీ చల్లదనమును పుట్టించునది కాదు. గదిలోని వేడిని బయటికి మోయునది. లోపలి పంకా గది గాలిని లాగి, చల్లని కాయిలుమీదుగా పంపును. గాలి తన వేడిని, కొంత తేమను అచ్చట విడిచి వచ్చును. 1902లో అమెరికాలోని బ్రూక్లిన్ ప్రాంతమున ఒక ముద్రణాలయములో కాగితమును పాడుచేయు తేమను అదుపు చేయుటకే విల్లిస్ క్యారియర్ ఇట్టి యేర్పాటును రచించెను. గాలి చాలినంత రానిచో కాయిలు మితిమీరి చల్లబడును. దానిపై తేమ మంచుగా గడ్డకట్టును. ఆ మంచు మిగిలిన దారినికూడ మూయును. మరమ్మతునకై యంత్రము నాపినప్పుడు మంచు కరగుటచేతనే ఆ యింట కొన్ని దినములు బాగైనట్లు తోచినది.

గ్యాసు పెట్రోలువలె ఖర్చగునది కాదు. మూసిన గొట్టములలో తిరుగుచునే యుండును. అది తగ్గినచో ఎక్కడనో కారుచున్నదని యర్థము. ఆ రంధ్రమును కనుగొని మూయక నింపుట చిల్లుకుండలో నీరు పోయుటయే.

కావున ఈ వరుసను జ్ఞాపక ముంచుకొనవలెను.

మొదట రిమోటు చూడుడు; పంకా వేగము తగ్గించి యుండవచ్చును. రెండవది, ఫిల్టరు. మూడవది, గాలి వచ్చు నోటికెదురుగా తెరగాని బీరువాగాని యున్నదేమో చూడుడు. నాల్గవది, కాయిలుపై మంచున్నచో చల్లబరచుట ఆపి, పంకా మాత్రమే కొన్ని గంటలు నడిపి కరగనిండు, కత్తితో గీకరాదు. అయిదవది, బయటి పెట్టె చుట్టును గాలి యాడుచున్నదా? దానిమీద బట్టలు ఆరవేయరాదు. సముద్రతీరపు ఉప్పుగాలికి దాని సన్నని రేకులు తుప్పుపట్టి శిథిలమగుటయు కలదు.

పిమ్మట ఒక సన్నని కాగితపు ముక్కను గాలికెదురుగా పట్టి చూడుడు. గాలి మందముగా వచ్చుచు మిక్కిలి చల్లగా నున్నచో, లోపలి గాలిదారి మూసికొన్నదని యనుమానింపవలెను. గాలి బలముగా నుండియు చల్లగా లేనిచో, దోషము బయటి పెట్టెలోగాని గ్యాసులోగాని యుండవచ్చును. సాధారణముగా లోనికి పోవు గాలికిని, వెలుపలికి వచ్చు గాలికిని సుమారు 8 మొదలు 12 డిగ్రీల సెల్సియస్ భేద ముండును. తేమ దినములలో ఇది కొంత తగ్గును. ఈ పరీక్షల ఫలితమును చెప్పినచో మెకానిక్కునకును పని సులభమగును. మనము చూడక పిలిచి, పిదప వానినే నిందించుట న్యాయము కాదు.

చలిదేశములలో ఇండ్లను వేడిచేయు కొలుములకును ఇదే నియమము. అచ్చట ఫిల్టరు మూసికొన్నచో కొలిమి మితిమీరి వేడెక్కి, రక్షణమీట దానిని ఆపివేయును.

విద్యార్థులారా, ఒక హెచ్చరిక. రిమోటుతో ఆపిన చాలదు. గోడమీది స్విచ్చునుకూడ ఆపి, పెద్దల యెదుటనే ఫిల్టరును తీయవలెను. విద్యుత్తీగలను ముట్టరాదు. ఎత్తైన గోడకున్న బయటి పెట్టె కొరకు ఎక్కరాదు. అది నేర్చినవారి పని.

వేసవిలో రెండు వారముల కొకమారు ఫిల్టరును కడిగి, ఆ తేదీని గోడ క్యాలెండరుపై వ్రాసి యుంచుడు. సెలవులలో ఇంటికి పోయినప్పుడు ముందుగా మీ అవ్వయో తాతయో పరుండు గదిలోని ఫిల్టరును చూడుడు.