గింజ నాటితే తల్లి గుణం రాదా?

ప్రశ్న: ఎర్రచెల్కలో ఒకే చెట్టు గింజలతో జీడిమామిడి పెంచాం. కొన్ని విరగ కాస్తున్నాయి, కొన్నింటికి కాపే లేదు. జన్యు పరీక్షతో మంచి మొక్కలను ముందే ఏరుకోవచ్చా?
– ఓ రైతు, ఎల్లారెడ్డి, కామారెడ్డి జిల్లా

జవాబు: తప్పు మీ ఎరువులది కాకపోవచ్చు. జీడిమామిడిలో పరపరాగ సంపర్కం ఎక్కువ. తల్లి ఒక్కటే అయినా ఒక్కో గింజకు తండ్రి వేరు కావచ్చు. అందుకే ఏ రెండు మొక్కలూ ఒకలా ఉండవు.

జన్యుక్రమం చదివి, మొక్కల గుణాలతో పోల్చి చూస్తే ఏ గుణానికి ఏ డీఎన్ఏ గుర్తు తోడుంటుందో తెలుస్తుంది. అప్పుడు కాపు కోసం ఏళ్లు ఆగకుండా నారులోనే ఏరవచ్చు. మన పటాన్‌చెరులోని ఇక్రిశాట్, జునాగఢ్ పరిశోధన సంస్థతో కలిసి ఇలాంటి గుర్తుల సాయంతోనే గిర్నార్-4, గిర్నార్-5 వేరుశనగ రకాలు తెచ్చింది. వాటి నూనె త్వరగా చెడదు. అయితే వేరుశనగ కొన్ని నెలల పంట. చెట్ల విషయంలో పని నెమ్మది. పైగా ఇది రకాలు తయారుచేసే శాస్త్రవేత్తల పనిముట్టు. మీ తోటకు దాని మీద డబ్బు పెట్టకండి.

మీకు కావలసింది అంటు. బాపట్ల పరిశోధన స్థానం ఇచ్చిన బీపీపీ-8 లాంటి రకం అంటుమొక్కలే కొనండి. నీరు నిలిచే నల్లరేగడిలో మాత్రం వద్దు. కాపులేని చెట్లను కొట్టేయనక్కర్లేదు: మోడు చేసి, కొత్త చిగుళ్లకు మంచి చెట్టు కొమ్మతో అంటు కట్టించవచ్చు. రెండు మూడేళ్ల కాపు రాసుకున్నాకే ఏవి మోడు చేయాలో తేల్చండి.

మోడు చేసిన చెట్లకు కాండం తొలిచే పురుగు బెడద ఎక్కువ. చెట్టు మొదలు దగ్గర జిగురు, రంపపు పొట్టు కనిపిస్తే ఆలస్యం చేయక కామారెడ్డి ఉద్యాన అధికారిని తోటకు పిలవండి.